అడిగి తీసుకున్న చిరునామా

(సిబ్బంది కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీదున్న పెద్దలు, మా వారి సహోద్యోగులు, వారి ఇంటివారు, పిల్లలు ఇంతమంది ఉన్న సభలో మైకు ముందు నిలబడడం నాకు ఇదే మొదలు. ఇన్నాళ్లూ ఇలాంటి సమావేశాల్లో నా పాత్ర ఒకటే. మ్యూజికల్ చెయిర్స్‌లో రెండో రౌండులోనే అవుటైపోయి, భోజనాల వరుసలో అందరికంటే ముందు నిలబడడం. ఈసారి నిర్వాహకులు ఫోన్ చేసి, "ఇంటి నుంచే లేసు వ్యాపారం చేస్తున్నారు కదమ్మా, ఈమెయిల్ ద్వారా దాన్ని ఎలా పెంచుకున్నారో మన వాళ్లకు చెప్పండి" అన్నారు. చెబుతాను. అయితే పెంచుకున్న సంగతి కంటే ముందు, ఒకసారి ఎలా చెడగొట్టుకున్నానో చెప్పాలి. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ తప్పు నేర్పినవే.

మాది నరసాపురం. 19వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఇవాళ్టికీ గోదావరి పక్క ఊళ్లలో వేల ఇళ్లకు ఆసరా. కొనలో చిన్న కొక్కెం ఉన్న సూది, దారపు ఉండ, తీరిక దొరికిన మధ్యాహ్నాలు, అంతే దానికి పెట్టుబడి. మా అమ్మ అల్లేది, మా మేనత్తలు అల్లేవారు. అల్లిన సరుకు మధ్యవర్తి పట్టుకుపోయేవాడు. అది ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుందో అల్లిన వాళ్లకు తెలిసేది కాదు, అల్లింది ఎవరో కొన్నవాళ్లకు తెలిసేది కాదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివినప్పుడు మా అమ్మ, "ఊరికి పేరొచ్చింది సరే, అల్లినదానికి ఎప్పుడొస్తుందే పేరు?" అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

పెళ్లయ్యాక మనందరి కథే నా కథ. మూడేళ్లకో ఊరు. భువనేశ్వర్, నాగపూర్, చెన్నై, మళ్లీ నాగపూర్. వెళ్లిన ప్రతిచోటా ఇరుగుపొరుగువాళ్లు మా ఇంట్లో టేబుల్ క్లాత్ చూసి "ఎక్కడ కొన్నారు?" అని అడిగేవారు. అలా మొదలైంది. ఊళ్లో మా పిన్ని, ఆమెతో పాటు 14 మంది అల్లి పంపేవారు, నేను అమ్మేదాన్ని. మొదలుపెట్టే ముందు మా వారు తమ కార్యాలయానికి ఈ సంగతి రాసి ఇచ్చారు. ఇంట్లో ఎవరైనా వ్యాపారం పెట్టాలనుకుంటే మీరూ ముందు ఆ నియమాలేమిటో కనుక్కోండి. తర్వాత సంజాయిషీ రాసుకోవడం కంటే అది తేలిక.

మెయిల్ ఎందుకు?

ట్రాన్స్‌ఫర్ వస్తే మనకు సామాన్లు సర్దడం ఒక్కటే బాధ. చిన్న వ్యాపారికి అంతకంటే పెద్ద బాధ, మూడేళ్లు కష్టపడి సంపాదించుకున్న కొనుగోలుదారులు అక్కడే ఉండిపోవడం. వాట్సాప్ గ్రూపు పెట్టాను. శుభోదయాల పూలగుత్తుల కింద నా లేసు కనబడకుండా పోయింది. ఫేస్‌బుక్ పేజీ పెట్టాను. నేను పెట్టిన ఫొటో ఎవరికి చూపించాలో వాళ్ల కంప్యూటరు నిర్ణయిస్తుంది, నా చేతిలో లేదు. ఈమెయిల్ చిరునామా అలా కాదు. మనుషులు ఊరు మారుస్తారు, సిమ్ మారుస్తారు, ఫోను మారుస్తారు గానీ పదిహేనేళ్ల కిందటి మెయిల్ చిరునామా మాత్రం మార్చరు. పైగా ఖర్చు దాదాపు లేదు. విదేశాల్లో ఉన్నవాళ్లకు మెయిల్‌లోనే ఆర్డరు ఇవ్వడం అలవాటు. అందుకని నేనూ మెయిల్ పట్టుకున్నాను.

పట్టుకున్నాను గానీ, పంపడానికి చిరునామాలు ఏవి? నా దగ్గర ఉన్నవి నలభయ్యో యాభయ్యో. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర మా వారిని అడిగేశాను. "మీ బ్రాంచిలో వేల మంది ఖాతాదారులు ఉన్నారు కదా, ఓ రెండు వందల మంది మెయిల్స్ రాసుకొచ్చి ఇవ్వకూడదూ?" అని. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "లాకర్ల గది తాళాలు కూడా తెమ్మంటావా?" అన్నారు. ఆ మాటకు నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఏం అడిగానో అప్పటికి నాకు అర్థం కాలేదు.

ఆ దీపావళి

మూడేళ్ల కిందటి దీపావళికి మా పిన్ని వాళ్లు చాలా సరుకు సిద్ధం చేశారు. ఎలాగైనా అమ్మాలి. బ్యాంకు నుంచి రాకపోతేనేం, చిరునామాలు వేరేచోట దొరకవా అనుకున్నాను. మా అపార్ట్‌మెంట్ సంఘం జాబితా ఉంది, పిల్లాడి క్లాసు తల్లిదండ్రుల జాబితా ఉంది, పాత ఊళ్ల పరిచయాలు ఉన్నాయి. అన్నీ కలిపితే 212 అయ్యాయి. ఒక్కరినీ అడగలేదు. 212 చిరునామాలూ "టు" అన్న గడిలో వరుసగా పెట్టి, ఫొటోలు జతచేసి, ఒక్క నొక్కు నొక్కాను. ఆ మెయిల్ అందిన ప్రతివాళ్లకూ మిగిలిన 211 మంది చిరునామాలు కనిపిస్తాయని నాకు తట్టనే లేదు.

ఈ తప్పు చేసినదాన్ని నేనే మొదటిదాన్ని కాదని తర్వాత తెలిసింది. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల సంస్థలో మార్కెటింగ్ చూసే గ్యారీ థ్యూర్క్ దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్ మీద వెళ్లిన ఆ మెయిల్‌నే మొట్టమొదటి స్పామ్ అంటారు. చిరునామాలు ఎక్కువై గడిలో పట్టక, కొన్ని ఉత్తరంలోకే పొర్లిపోయాయట. అందుకున్నవాళ్లు మండిపడ్డారు. 45 ఏళ్ల తర్వాత నేనూ అదే పని చేశాను.

మొదటి రెండు రోజులు సంబరమే. తొమ్మిది ఆర్డర్లు వచ్చాయి. నాలుగో రోజు నాగపూర్ నుంచి ఫోను. అక్కడ మా ఎదురింట్లో ఉండే రిటైర్డ్ టీచరు గారు. "అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే డబ్బు పంపేశాను. టేబుల్ క్లాత్ పెళ్లిలోపు అందుతుందా?" అన్నారు. మనవరాలి పెళ్లి ఆవిడకు. నేను డబ్బు పంపమని చెప్పలేదే అన్నాను. ఆవిడకు వచ్చిన మెయిల్ నాకు పంపించుకుని చూశాను. నా పేరు, నేను తీసిన ఫొటో, "ముందుగా చెల్లిస్తే పది శాతం తగ్గింపు" అన్న మాట, కింద ఒక క్యూఆర్ కోడ్. చిరునామాలో మాత్రం నా దానికంటే ఒక్క అక్షరం ఎక్కువ. ఆవిడ పంపిన సొమ్ము 4,600 రూపాయలు.

నా మెయిల్ ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో ఇప్పటికీ తెలియదు. కానీ 212 మంది చిరునామాలు తలుపు బయట ఆరేసింది నేను. మా వారికి చెప్పాను. తిట్టలేదు. "1930కి ఫోన్ చేయించావా?" అని మొదట అడిగారు. సైబర్ మోసాలకు అదే నంబరు, ఎంత త్వరగా చేస్తే అంత మేలు. చేయించాం. అప్పటికే ఆ డబ్బు ఖాతాలు దాటిపోయింది, తిరిగి రాలేదు. మర్నాడు టీచరు గారికి నా డబ్బులోంచి 4,600 పంపాను. ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. "డబ్బు ఇచ్చావు, తీసుకున్నానమ్మా. కానీ ఇకమీద నీ పేరుతో మెయిల్ వస్తే తెరవాలో వద్దో నాకు ఎలా తెలుస్తుంది?"

నేను పోగొట్టింది ఆ నమ్మకాన్ని. దానికి రేటు లేదు.

డిపాజిట్టు ఎవరిది?

ఆ రాత్రి మా వారు ఒక మాట చెప్పారు. "బ్యాంకు పుస్తకాల్లో డిపాజిట్టును ఆస్తుల వైపు రాయరు, అప్పుల వైపు రాస్తారు. ఎందుకంటే అది మనది కాదు, అడిగినప్పుడు తిరిగి ఇవ్వాల్సింది. నువ్వు ఆ 212 పేర్లనీ ఆస్తుల వైపు రాసుకున్నావు." ఈ సభలో చిన్నపిల్లలకు కూడా ఈ మాట అర్థమవుతుంది. నాకు అర్థం కావడానికి ఒకరి 4,600 పోవాల్సి వచ్చింది. లాకర్ల తాళాల మాట కూడా అప్పుడే అర్థమైంది.

మర్నాటి నుంచి 212 మందికీ విడివిడిగా, ఒక్కొక్కరికే రాశాను. జరిగింది దాచకుండా చెప్పాను. నా పేరుతో డబ్బు అడిగే మెయిల్ వస్తే నమ్మవద్దన్నాను. నా ఉత్తరాలు కావాలనుకుంటే "కావాలి" అని ఒక్క మాట రాయండి, రాయకపోతే మీ చిరునామా చెరిపేస్తాను అన్నాను. 64 మంది రాశారు. మిగిలిన 148 నిజంగానే చెరిపేశాను. చెరిపేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ తర్వాతి సంక్రాంతికి ఆ 64 మంది నుంచి వచ్చిన ఆర్డర్లు 22. అంతకుముందు 212 మంది నుంచి వచ్చినవి తొమ్మిదని చెప్పాను కదా.

ఇప్పుడు నేను పాటించేవి చెబుతాను. మీలో పచ్చళ్లు పెట్టేవారు, బ్లౌజులు కుట్టేవారు, ట్యూషన్లు చెప్పేవారు ఎవరికైనా పనికొస్తాయి.

మొదటిది, అడిగి తీసుకోవడం. ఎగ్జిబిషన్‌లో స్టాలు పెడితే నా బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంటుంది. పేరు, మెయిల్, తేదీ, ఊరు, పక్కన ఖాళీ గడి. "నెలకు ఒక ఉత్తరం పంపవచ్చు" అని ఆ గడి పైన రాసి ఉంటుంది. టిక్కు వాళ్లే పెట్టాలి, నేను ముందే పెట్టి ఉంచను. వస్తువు కొన్నారు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోను. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెప్పేది కూడా ఇదే. ఒప్పుకోలు స్వేచ్ఛగా, తెలిసి, ఫలానా పనికోసమని స్పష్టంగా ఉండాలి. ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలుండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతాయి. "లక్ష చిరునామాలు రెండు వేలకే" అని అమ్మేవాళ్లు మీకూ తగులుతారు. ఆ లక్ష మందిలో ఒక్కరు కూడా మిమ్మల్ని రమ్మనలేదు. కొనకండి.

రెండోది, నా మెయిల్ నాదేనని తెలిసేలా చేయడం. పదిమందికి పంపేటప్పుడు చిరునామాలు "బీసీసీ" గడిలో పెడితే ఒకరివి ఒకరికి కనబడవు. అది ప్రథమ చికిత్స లాంటిది. జాబితా పెరిగితే మూకుమ్మడి మెయిల్స్ కోసమే ఉన్న సేవ వాడాలి, సొంత డొమైన్ పేరు తీసుకోవాలి. అప్పుడు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు అమరికలు చేయమంటారు. పేర్లు చూసి భయపడ్డాను. మా అబ్బాయి బ్యాంకు భాషలో చెప్పాక బోధపడింది. ఎస్‌పీఎఫ్ అంటే నా తరఫున పంపడానికి ఎవరికి అధికారం ఉందో తెలిపే జాబితా. డీకిమ్ అంటే దారిలో ఎవరూ మార్చలేదని చూపే ముద్ర. డీమార్క్ అంటే ఈ రెండూ సరిపోలకపోతే ఆ ఉత్తరాన్ని ఏం చేయాలో ముందే ఇచ్చిన ఆదేశం. చెక్కు మీద సంతకం స్పెసిమన్‌తో సరిచూడడం లాంటిదే. వీటితో మోసం పూర్తిగా ఆగదు. ఒక అక్షరం మార్చి వేరే పేరుతో పంపేవాడు పంపుతూనే ఉంటాడు. కానీ అచ్చంగా నా చిరునామానే దొంగిలించి పంపడం కష్టమవుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు ఇవన్నీ తప్పనిసరి చేసింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదంటుంది. మనం అంత పెద్దవాళ్లం కాకపోయినా దారి అదే.

బ్యాంకులకూ ఇదే సమస్య ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నిటినీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారమని, అక్టోబరు 31ని గడువుగా పెట్టింది. ఆ పేర్లు రిజిస్టరు చేసే పని మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీదే. అసలు ఏదో నకిలీ ఏదో ఖాతాదారుకు తెలియాలన్నదే దాని ఉద్దేశం. కోట్ల వ్యాపారానికైనా నా లేసుకైనా ఆ అవసరం ఒకటే.

మూడోది, డబ్బు మాట మెయిల్‌లో ఎత్తకపోవడం. నా ప్రతి ఉత్తరం చివర ఒకే వాక్యం ఉంటుంది. "ఈ మెయిల్‌లో డబ్బు పంపమని, ఏ కోడ్ స్కాన్ చేయమని ఎప్పుడూ అడగను. ఆర్డరు ఇవ్వాలంటే మీ వస్తువు ట్యాగు మీదున్న నంబరుకు ఫోన్ చేయండి." దీనివల్ల కొన్ని ఆర్డర్లు ఆలస్యమవుతాయి. పోనివ్వండి.

నాలుగోది, నిజం రాయడం. "మీ ఆర్డరు సిద్ధం" అని సబ్జెక్టు పెడితే అందరూ తెరుస్తారని ఒకావిడ సలహా ఇచ్చారు. తెరుస్తారు, ఆర్డరు ఇవ్వలేదని తెలిసి విసుక్కుంటారు కూడా. సరుకు మిగిలి ఉండగా "చివరి అవకాశం" అనను. నెలకు ఒకటి, పండగ నెలలో రెండు, అంతే. అందులో ఏముంటుందంటారా? ఒక వస్తువు ఫొటో, దాని కొలత, ధర, అల్లడానికి ఎన్ని రోజులు పట్టింది, ఎలా ఉతుక్కోవాలి. దాంతో పాటు, ఆమె సరేనంటేనే, అల్లినామె పేరు. మా అమ్మ అన్న మాట గుర్తుందా? మొదటిసారి ఆమె పేరు వేసిన నెలలో మస్కట్ నుంచి ఒకావిడ జవాబు రాశారు. డబ్బు గురించి కాదు. "ఆ అంచు అల్లిక మా అమ్మమ్మ వేసేది, ఆమెకు నా నమస్కారం చెప్పండి" అని. ఆ జవాబు ప్రింటు తీసి పంపితే మా అమ్మ పర్సులో పెట్టుకుంది.

ఐదోది, వెళ్తానంటే వెళ్లనివ్వడం. ప్రతి మెయిల్ కింద అన్‌సబ్‌స్క్రైబ్ లింకు అందరికీ కనిపించే సైజులో పెడతాను. లేత బూడిదరంగు చిన్నక్షరాల్లో దాచను. నొక్కితే ఎందుకని అడగను, మళ్లీ రాయను. డిపాజిట్టు తీసుకుంటానని వచ్చిన మనిషిని కౌంటరు చుట్టూ తిప్పితే ఏమవుతుందో మీకు తెలుసు. అమెరికాలో 2003లోనే దీనికి చట్టం ఉంది. వద్దన్నవాళ్లను పది పనిదినాల్లోపు తీసేయాలి, పంపినవాళ్ల పోస్టల్ చిరునామా మెయిల్‌లో ఉండాలి. ఐరోపాలో 2018 మే 25 నుంచి ఇంకా గట్టి నియమాలున్నాయి. మన అమ్మాయిలు, అబ్బాయిలు ఉన్న దేశాలకు పంపేటప్పుడు ఆ నియమాలూ చూసుకోవాలి. ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేని చిరునామాలకు "ఇంకా పంపనా?" అని ఒకసారి అడిగి, జవాబు లేకపోతే తీసేస్తాను.

ఇంకొక్క మాట. ఎంతమంది తెరిచారన్న లెక్క చూసి మురిసిపోకండి. 2021లో ఆపిల్ ఫోన్లలో వచ్చిన ఒక మార్పు వల్ల, మనిషి చూడకపోయినా మెయిల్ తెరిచినట్టు లెక్కలో పడుతుంది. నేను రెండే లెక్కపెడతాను. ఎంతమంది జవాబు రాశారు, ఎంతమంది రెండోసారి కొన్నారు.

ఇవాళ నా పుస్తకంలో 387 పేర్లున్నాయి. మూడేళ్లకు ఇది పెద్ద సంఖ్యేమీ కాదు. కానీ ప్రతి పేరు పక్కన తేదీ ఉంది, ఊరుంది, వాళ్లు పెట్టిన టిక్కు ఉంది. ఊళ్లో 14 మంది ఇప్పుడు 23 మంది అయ్యారు. ఈసారి ట్రాన్స్‌ఫర్ వచ్చినా నా దుకాణం నాతో పాటే వస్తుంది.

నాగపూర్ టీచరు గారు ఆ 64 మందిలో లేరు. నేనూ మళ్లీ అడగలేదు. కిందటి శ్రావణమాసంలో నరసాపురంలోని మా ట్యాగు నంబరుకు ఆవిడే ఫోన్ చేశారట. మా పిన్ని ఎత్తింది. "మీ అమ్మాయి ఇప్పుడు మెయిల్‌లో డబ్బు అడగడం లేదట కదా, నా పేరు రాసుకోమని చెప్పండి" అన్నారట. పిన్ని వెంటనే నాకు చెప్పింది. నేను రాసుకోలేదు. ముందు ఫోన్ చేసి, "మేడమ్, నెలకో ఉత్తరం పంపనా?" అని అడిగాను.

"అడుగుతున్నావుగా, పంపు" అన్నారు.

సెలవు. భోజనాల వరుసలో ఈసారి కాస్త వెనగ్గా నిలబడతాను.